బోర్డు పై సగం

ఆ రోజు బడి నుంచి వచ్చి నా భార్య రత్నమ్మ నవ్వుతూ చెప్పింది. "ఇయ్యాల బోర్డు మీద తేదీ రాయలేకపోయిన. చెయ్యి సగందాక పోయి ఆగింది. పిల్లలంత నవ్విండ్రు." నేను పత్రికకు వార్త రాసుకుంటున్నాను. తల ఎత్తలేదు.

సూర్యాపేట ఆడపిల్లల బడిలో ఆమె పంతులమ్మగా చేరి అప్పటికి ఏడాది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

పది రోజుల్లో కుడి భుజం నొప్పి ఎక్కువైంది. కొప్పు ముడుచుకోలేకపోయింది. ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయింది. దవాఖానలో నొప్పికి మందిచ్చి, "నాలుగు రోజులు రెస్ట్ ఇవ్వండి" అన్నారు. మా ఇంట్లో రెస్ట్ అంటే మనిషిని పూర్తిగా కూర్చోబెట్టడమే. పాత ధోవతి చింపి ఆమె చెయ్యి మెడకు కట్టాను. మా అమ్మ ఆమెను చెంబు కూడా ముట్టనివ్వలేదు. నొప్పి కొంత తగ్గింది. దాంతో కట్టు మంచిదే అనుకున్నాం.

"జర కదిలిస్త. బిగుసుకపోతున్నట్టుంది" అనేది రత్నమ్మ.

"కదిలిస్తే మళ్ల మొదటికొస్తది. నా మాటిను" అనేవాణ్ణి.

సెలవు దరఖాస్తులు సర్కారు భాషయిన ఉర్దూలో నేనే రాశాను. "ముకమ్మల్ ఆరామ్", అంటే పూర్తి విశ్రాంతి, అవసరమని డాక్టరు చెప్పినట్టు రాశాను. ఆయన అలా అనలేదు. ఒకరు అనని మాటను వార్తలో ఎన్నడూ రాయని వాణ్ణి, భార్య సెలవు కోసం రాశాను. నెలకొకటి చొప్పున మూడు దరఖాస్తులు. ఆ మూడు నెలలూ కట్టు అలాగే ఉంది.

విప్పాక నొప్పి పెద్దగా లేదు. కాని చెయ్యి రొమ్ము ఎత్తుకు కూడా లేవలేదు.

కోదాడలో కీళ్లు సరిచేసే ఆయన ఉన్నాడంటే తీసుకుపోయాను. "ఏం లేదండీ, కీలు పట్టేసింది. ఒక్క లాగుడు చాలు" అన్నాడు. లాగాడు. రత్నమ్మ కేక బయట బస్సు కోసం నిలబడ్డవాళ్లకు వినిపించింది. భుజం వాచి, లేచే ఆ కాస్తా పోయింది. సూర్యాపేటలో బస్సు దిగాక ఆమె, "ఇగ మీ పేపర్ల రాయుండ్రి, ఒక్క లాగుడుతోని అంత ఖతం అని" అంది.

యుద్ధకాలంలో పట్టాళంలో పనిచేసిన డాక్టరు మిర్యాలగూడలో ఉన్నాడు. వాపు తగ్గాక ఆయన దగ్గరికి వెళ్లాం. ఆయన ఆమె చెయ్యిని అన్ని వైపులా నెమ్మదిగా తిప్పి చూశాడు.

"ఇది ఫ్రోజెన్ షోల్డర్, అంటే బిగుసుకపోయిన భుజం. ఎముకకు ఏం కాలే. కీలు చుట్టు క్యాప్సూల్ అని పలచటి సంచి ఉంటది. అది గట్టిపడ్డది. బాయిల నీళ్లు తోడే మోట బొక్కెన తోలు వాడకుండ మడిచిపెడితే ఎట్లయితది?"

"ఎండి బిగుసుకపోతది" అన్నాను.

"జోరుగ గుంజితే?"

"చినుగుతది" అంది రత్నమ్మ, నాకంటే ముందే.

"ఆఁ. తడిపి, మెల్లగ గుంజి, జరసేపు అట్లనే పట్టి ఉంచాలె. అప్పుడు సాగుతది. రోజింత." తర్వాత నావైపు తిరిగాడు. "మూడు నెలలు ఎవరు కట్టమన్నరు?"

"దవాఖానల రెస్ట్ అన్నరు సార్" అంది రత్నమ్మ.

ఇంట్లో దూలానికి గిలక కట్టి తాడు వేశాను. వేడినీళ్ల కాపడం అయ్యాక ఆమె ఎడమ చేత్తో ఒక కొస లాగితే రెండో కొస పట్టుకున్న కుడి చెయ్యి లేచేది. చెయ్యి అందినంత ఎత్తున రోజూ గోడ మీద సుద్దతో గీత గీసేది. కొన్ని వారాలు గీత మీదే గీత పడేది.

కట్టు విప్పాక నాలుగో దరఖాస్తు పంపాను. అయిదోది అవసరం రాలేదు. ఆమె చోట ఇంకొకరిని ఖాయం చేసినట్టు బడి నుంచి కాగితం వచ్చింది. రత్నమ్మ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి పెట్టి, గిలక దగ్గరికి పోయింది.

ఇది జరిగి ఏడాదిన్నర. ఇప్పుడు కొప్పు తానే ముడుచుకుంటుంది. చెయ్యి చెవి దాటి పైకి పోదు. పొద్దున మా అరుగు మీద ఆరేడుగురు ఆడపిల్లలకు చదువు చెబుతుంది. బోర్డును గోడకు ఆనించి నేల మీదే నిలబెట్టి, కింద కూర్చునే రాస్తుంది. పై సగం ఖాళీగా ఉంటుంది. తేదీ మధ్యలో రాస్తుంది.

ఇది రాసి ఆమెకు చదివి వినిపించాను. దవాఖాన మాట చెప్పి డాక్టరు ముందు ఆమె నన్ను కాపాడిందని ఒక వాక్యం ఉండేది. "అది తీసెయ్యుండ్రి. ఆ మాట నాకే సిగ్గయి అన్న. మిమ్మల్ని కాపాడనీకె కాదు" అంది. తీసేశాను.

ఇంట్లో ఎవరికైనా భుజం నొప్పి వస్తే, రెస్ట్ ఎన్ని రోజులో, ఏనాటి నుంచి కదిలించాలో డాక్టరునే అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకోండి. ఒక్క రోజు కూడా మీరు కలపకండి.