బండి నిన్నటంత ఒరగాలి

సైడ్ స్టాండ్ మీద నా బండిని చూస్తే కొత్తవాళ్ళకు భయం వేసేది. నిలబడినట్టు ఉండేది కాదు, వాలడానికి ఎవరి భుజమైనా దొరుకుతుందా అని చూస్తున్నట్టు ఉండేది. మా రహమత్ నగర్ గల్లీలో దాని పక్కన ఎవరూ బండి పెట్టేవారు కాదు. "నీది పడితే నాది గూడ పడతది" అని ఎదురింటావిడ తన స్కూటీని పది అడుగులు అవతల పెట్టుకునేది. మెయిన్ స్టాండ్ ఎప్పుడో తుప్పు పట్టి ఊడిపోయింది. సైడ్ స్టాండ్ ఒక్కటే దిక్కు. బాగు చేయించుకోవచ్చు కదా అంటారా? చేయించలేదు. నలభై ఏళ్ళు సినిమా సెట్లకు చెక్కపని చేసినవాణ్ణి. ఉత్తుత్తి ఇళ్ళు, గుళ్ళు, కోర్టులు ఎన్నో నిలబెట్టాను. సొంత బండిని నిలబెట్టుకోలేదు. బద్ధకం, అంతే. అంతకన్నా పెద్ద కారణం చెబితే అబద్ధమవుతుంది.

మొన్న చలికాలంలో ఒక పిక్చర్ వాళ్ళకు పాత బండి కావలసి వచ్చింది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు నన్ను ఎరుగుదురు కాబట్టి నాది అడిగారు. కథలో అది రిటైరైన గుమాస్తా బండి. ఆయన ఇల్లు వెంగళరావు నగర్‌లో. షూటింగ్ మాత్రం జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద బంగళా వెనకభాగంలో. అక్కడ గోడకు పాత సున్నం రంగు కొట్టి, ఇనుప ఊచల గేటు ఒకటి బిగించి, మట్టి పోసి, దాన్నే వెంగళరావు నగర్ అన్నారు. ఆ వెంగళరావు నగర్‌కే పోయి తీయొచ్చు కదా అని అడిగాను. అక్కడ జనం ఎక్కువట.

సీన్ ఇది. గుమాస్తా వేషం వేసిన పెద్ద ఆర్టిస్ట్ బండి దిగి, స్టాండ్ వేసి, సీటుకు ఆనుకుని నిలబడతాడు. చాలా కాలంగా మాటల్లేని తమ్ముడు గేటు దగ్గర నిలబడి ఉంటాడు. ఇద్దరూ మాట్లాడుకోవాలి. మొదటి టేక్‌లో బండి ఒరిగి నిలబడగానే డైరెక్టర్ మానిటర్ ముందు నుంచి లేచి మరీ మెచ్చుకున్నాడు.

"ఆ బండి చూడండి! ఆయనెలా ఉన్నాడో అదీ అలాగే ఉంది. ఇదే ఉంచండి."

నా బద్ధకానికి అంత పేరు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

సాయంత్రం నాలుగు దాటాక చివరి టేక్‌లో ఆర్టిస్ట్ సీటుకు ఆనుకుని సగం డైలాగ్ చెప్పాడో లేదో, స్టాండ్ వెనక్కి మడుచుకుపోయింది. బండి ఒరిగింది. పక్కనున్న లైట్‌మన్ హ్యాండిల్ పట్టుకోబట్టి సరిపోయింది, లేకపోతే ఆ బరువంతా ఆర్టిస్ట్ మోకాలి మీద పడేది. అది ఆపరేషన్ చేయించుకున్న మోకాలు. ఆయన మంచి మనిషి, నవ్వేశాడు. "ఏమండీ మేస్త్రి గారూ, మీ బండికి నటన బాగా వచ్చండీ" అన్నాడు. నేను నవ్వలేదు. నాకు చెమట పట్టింది. అప్పటికే ఎండ తగ్గింది కాబట్టి మిగతా సీన్ రేపు అని ప్యాకప్ చెప్పేశారు.

నేను బండి తీస్తుంటే అసిస్టెంట్ డైరెక్టర్ అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. కాకినాడ పిల్ల. సీన్‌లో ఎవరి చొక్కా ఎలా ఉంది, ఏ చేతికి వాచీ ఉంది, గ్లాసులో నీళ్ళెంత ఉన్నాయి అని రాసుకుని, మళ్ళీ తీసేటప్పుడు అన్నీ అలాగే ఉండేలా చూడటం ఆమె పని.

"బాబాయ్ గారూ, ఆ స్టాండ్ రేపటికి బాగుచేయించేయండి, ప్లీజ్. పోయిన వారం వాచీ చేయి మారిపోయింది. నేను చూసుకోలేదు. ఇంకొక్క తప్పు జరిగితే ఇంటికెళ్ళిపోమన్నారు కో-డైరెక్టర్ గారు. రేపు ఆర్టిస్ట్ గారి మీద బండి పడిందంటే ఇక నా పని అయిపోయినట్టే."

"గింతదానికి ఫికరేంది బిడ్డా? పొద్దుగాల వరకు సక్కగ నిలబెట్టుకొస్త" అన్నాను.

నేరుగా షేక్‌పేట పోయాను. అక్కడ పాత ఊరివైపు ఒక వెల్డింగ్ షాపు ఉంది. ఆ షాపతను నాకన్నా పదేళ్ళు చిన్న. ఒకప్పుడు మా సెట్లకు ఇనుప ఫ్రేములు చేసేవాడు. స్టాండ్‌ని ఒకసారి కాలితో ఊపి చూశాడు.

"ఏందన్నా, గిది స్టాండా, ఊయలనా? జూడు, బోల్టు బొక్క గుడ్డు లెక్క అయింది. కింద పాదం సగం అరిగిపోయింది. ఇన్నేండ్లు ఎట్ల నడిపినవ్?"

"నడిపేటప్పుడు మంచిగనే ఉంటది. నిలబెడితేనే లొల్లి."

"నీ లెక్కనే" అన్నాడు.

స్టాండ్ ఊడదీసి, గుండ్రం పోయిన బొక్కను వెల్డింగ్‌తో పూడ్చి, మళ్ళీ సరిగ్గా తొలిచాడు. లావుపాటి కొత్త బోల్టు వేశాడు. అరిగిన పాదం కింద లారీ కమాను పట్టీ ముక్క ఒకటి అతికించి, అంచులు రాకి నున్నగా చేశాడు. స్టాండ్ వేసి వదిలాడు. బండి కదలలేదు. నేను సీటు మీద కూర్చుని అటూ ఇటూ ఊగాను. అప్పుడూ కదలలేదు.

"పోలీసోడి లెక్క నిలబడ్డది" అన్నాడు. నిజమే. ఇంటి ముందు పెడితే ఎదురింటావిడ బయటికొచ్చి, కొత్త బండి కొన్నావా అని అడిగింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తెల్లవారి టీ తాగుతుంటే ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. నాకు చదువు యాభై దాటాక వచ్చింది. సెట్లో దుకాణాల బోర్డులకు థర్మోకోల్ అక్షరాలు కోసేవాణ్ణి. ఏం కోస్తున్నానో తెలియకుండానే ఎన్నో ఏళ్ళు కోశాను. తర్వాత వాటినే ఒక్కొక్కటి పోల్చుకుంటూ నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ అక్షరాన్ని చేత్తో తడిమినట్టు నిదానంగా చదువుతాను. మెసేజ్ ఆ అమ్మాయిదే. అందరికీ పంపింది. "నిన్నటి సీన్ మిగతా భాగం ఈరోజు తీస్తున్నాం. బట్టలు, వాచీ, కళ్ళజోడు, బండి అన్నీ నిన్న ఉన్నట్టే ఉండాలి."

బండి. నిన్న ఉన్నట్టే.

టీ గ్లాసు కింద పెట్టేశాను. ఎంత వెర్రివాణ్ణి! ఈ పనిలో తల నెరిసినవాణ్ణి. చిరిగిన చొక్కాతో సగం సీన్ తీశాక, పాపం అని ఆ చిరుగు కుట్టిన దర్జీని ఒకప్పుడు అందరి ముందు తిట్టింది నేనే. ఆ అమ్మాయి కొత్తది, బండి పడిపోతుందన్న భయంలో ఒరుగుడు మాట మరిచింది. నాకేమైంది? సొంత బండి కాబట్టి అది సినిమా వస్తువన్న సంగతే మరిచాను. నిన్నటి షాట్లలో బండి ఒరిగి ఉంటుంది, ఈరోజు షాట్లలో నిటారుగా ఉంటుంది. అన్నదమ్ములు మాట్లాడుకుంటుంటే మధ్యలో బండి లేచి నిలబడుతుంది. ఆ ఒరుగుడు మీద ముచ్చటపడ్డ డైరెక్టర్‌కు అది మొదటి చూపులోనే తెలిసిపోతుంది. పిల్ల ఉద్యోగం పోతుంది.

మళ్ళీ ఊడదీసి పాత బోల్టు వేయిద్దామంటే బండి మళ్ళీ ఆర్టిస్ట్ మోకాలి మీదికి వస్తుంది. అయినా వెల్డింగ్ షాపతను పదింటికి గానీ తెరవడు.

అందరికంటే ముందు లొకేషన్‌కు పోయాను. బండిని ఊచల గేటు ముందు నిన్నటి చోటే నిలబెట్టాను. ఆ అమ్మాయి వచ్చి చూసి మొదట సంతోషించింది. "అబ్బ, ఎంత బాగా నిలబడిందో!" అంది. తర్వాత మొహంలో రంగు పోయింది.

"బాబాయ్ గారూ..."

"ఆఁ. తప్పు నాది. నువ్వు చెప్పినా నేను చెయ్యొద్దుండె. నిన్నటి ఫోటో ఉందా?"

ఫోన్‌లో చూపించింది. నిన్న బండి కుడివైపు అద్దం గేటులో ఎడమ నుంచి మూడో ఊచ మీద ఉంది. ఈరోజు నాలుగో ఊచ దాటి అవతలికి పోయింది. ఆ అమ్మాయి మెట్టు మీద కూలబడింది. "కో-డైరెక్టర్ గారికి నేనే చెప్పేస్తానండీ. చెప్పేసి వెళ్ళిపోతాను" అంది.

"జర ఆగు. ఏడ్సుడు తర్వాత. కింద మట్టి కనబడతదా కెమెరాల?"

"టైర్ల కింది వరకూ కనిపిస్తుందండి."

నేను వడ్రంగిని. స్టాండ్ పొట్టిగా ఉంటే బండి ఒరుగుతుంది. ఇప్పుడు పొడుగైంది కాబట్టి నిలబడింది. స్టాండ్‌ను పొట్టి చేయలేకపోతే నేలను ఎత్తు చేయాలి. ఇంతే కదా లెక్క! సెట్ సామాన్లలో ప్లైవుడ్ ముక్కలకు కొదవ లేదు. రెండు చక్రాల కిందా ఒక్కో అరంగుళం ముక్క పెట్టాను. బండి ఒరిగింది. అద్దం నాలుగో ఊచ మీదికి వచ్చింది, ఇంకా మూడో దాని మీదికి రాలేదు. పైన రెండు సూత్‌ల మందం ముక్కలు వేశాను, అంటే పావు అంగుళం. ఆ అమ్మాయి కెమెరా చోట నిలబడి ఫోన్ ఎత్తి పట్టుకుంది.

"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆ! మూడో ఊచ! బాబాయ్ గారూ, మూడో ఊచ!"

"అరవకు. అందరూ వస్తున్నరు."

ముక్కల అంచులు చక్రాలకు సరిగ్గా కోసి, మీద మట్టి చల్లి, చేత్తో ఒత్తాను. అప్పటికీ ఒక అంచు కనిపిస్తుంటే గోడ మీది కాగితపు పూలు నాలుగు తెంపి వేయబోయాను. ఆ పిల్ల నా చేయి పట్టేసుకుంది.

"నిన్న కింద పూలు లేవండీ!"

ఈసారి తిట్టు తిన్నది నేను. మళ్ళీ మట్టే వేశాను.

ఇక భయం ఒక్కటే మిగిలింది. బండి నిన్నటంత ఒరిగింది, మరి నిన్నటిలా పడుతుందా? నేనే సీటుకు ఆనుకున్నాను. నా బరువంతా వేశాను. బండి అలాగే ఉంది. నిన్న పడింది ఒరగడం వల్ల కాదు, బోల్టు వదులై స్టాండ్ మడుచుకోవడం వల్ల. ఇప్పుడు బోల్టు గట్టిది, పాదం వెడల్పుది. ఎంత ఒరిగినా నిలుస్తుంది. అయినా నాలుగుసార్లు కూర్చుని లేచాను. ఆ అమ్మాయిని కూడా కూర్చోబెట్టాను.

అప్పుడే కో-డైరెక్టర్ వచ్చాడు. ఎవరు ఏ తప్పు చేశారా అని వెతుక్కుంటూ నడిచే మనిషి. ఫోటో అడిగి తీసుకుని బండినీ, గేటునూ, ఫోటోనూ మూడుసార్లు చూశాడు. తర్వాత వంగి మట్టి గీకాడు.

"ఇదేంటి? కింద చెక్కలేంటి?"

నేను జవాబు చెప్పాను.

"నిన్న పడ్డది గద సార్. ఇయ్యాల పడొద్దని స్టాండ్ మంచిగ చేయించిన. ఒరుగుడు మాత్రం నిన్నటి లెక్కనే ఉండాలె గద, అందుకే చెక్కలు."

"ఎవరు చెప్పారు చేయించమని?"

"గీ బిడ్డనే."

ఇందులో అబద్ధం ఒక్కటి లేదు. ఆయన ఆమె వైపు చూసి, "ఊఁ, పని నేర్చుకుంటున్నావే" అన్నాడు. ఆయన నోట అంతకన్నా మంచి మాట రాదని లైట్‌మన్ తర్వాత చెప్పాడు. ఆ అమ్మాయి వంగి, ఆయన గీకిన చోట మట్టి సర్దింది.

పది దాటాక ఆర్టిస్ట్ వచ్చాడు. సీటుకు ఆనుకోబోయి ఆగాడు. "ఏమండీ, ఇవాళ కూడా నటిస్తుందా ఇది?" అన్నాడు.

"నటించదు సార్. నేను నాలుగుసార్లు కూసున్న. నా మీద పడలే, మీ మీద పడతదా?"

ఆయన ఆనుకున్నాడు. తమ్ముడు వేషం వేసినాయన గేటు దగ్గర నిలబడ్డాడు. సైలెన్స్ అన్నారు. ఆ రెండు నిమిషాలు నేను డైలాగ్ ఒక్కటి వినలేదు. స్టాండ్ పాదం వంకే చూస్తూ ఉన్నాను. ఆయన కోపంతో సీటు మీద చరిచే ఘట్టం ఒకటి ఉందని నాకు ముందు ఎవరూ చెప్పలేదు. చరిచాడు. బండి ఊగింది. బండి మళ్ళీ తన ఒరుగుడులోకి వచ్చి నిలబడింది.

ఓకే అన్నారు. ఇంకో టేక్ తీశారు. అదీ ఓకే. మధ్యాహ్నం లోపల ఆ సీన్ మొత్తం అయిపోయింది. డైరెక్టర్ నిన్నటి షాటు, ఈరోజు షాటు పక్కపక్కన పెట్టి చూసుకుని, తల ఊపి, తర్వాతి పనికి పోయాడు. బండి సంగతి ఒక్క మాట ఎత్తలేదు. వాళ్ళు ఎత్తలేదంటే కుదిరిందనే అర్థం.

ఆ అమ్మాయి వచ్చి, "బాబాయ్ గారూ, బండి పని అయిపోయిందండి, తీసుకెళ్ళిపోవచ్చు" అంది. నేను కదల్లేదు. పొద్దున ఆమె కూలబడిన మెట్టు మీదే కూర్చున్నాను. ఆమె కూడా నా పక్కన కూర్చుంది. ఫోన్ మోగింది. వాళ్ళమ్మ.

"ఆ, బానే ఉన్నానమ్మా. ఏం లేదు, ఊరికే గొంతు అలా ఉంది. పని బానే జరుగుతోంది. ఆ, తిన్నాను, తిన్నాను."

పొద్దుటి నుంచి ఆ పిల్ల నోట్లో మెతుకు పడలేదని నాకు తెలుసు. లేచి పోయి, భోజనాల టేబుల్ మీద నుంచి రెండు ప్లేట్లు పట్టుకొచ్చి, ఒకటి ఆమె ఒళ్ళో పెట్టాను. ఫోన్ చెవి దగ్గర ఉండగానే ముద్ద కలుపుకుంది.