వెనుక నిలబడేవాళ్లు

హైకోర్టు నోటీసు వచ్చిన రోజు మా బాపు దాన్ని గుమ్మం దగ్గర వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. చదవడానికి కాదు. "దీనెనుక ఎవలున్నరు?" అని అడిగాడు.

మా ఊరి బడిలో ఒకప్పుడు సాయుధ బలగాల క్యాంపు ఉండేది. అడవిలోని అన్నలకు అన్నం పెట్టాడని బాపును అక్కడికి పట్టుకుపోయి నాలుగు రోజులు ఉంచి, ఆ తర్వాత కోర్టులో హాజరుపరిచారు. ఆ క్యాంపులో జరిగిన వాటి మీద విచారణ చేయమని ఇన్నేళ్లకు హైకోర్టు జిల్లా జడ్జిని ఆదేశించింది; వచ్చి సాక్ష్యం చెప్పమని ఆ నోటీసు. ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చామో అని నాకూ అనుమానమే.

"అప్పుడు గూడ జడ్జి అడిగిండు, ఎవలన్న కొట్టిండ్రా అని. కొట్టలే సార్ అన్న" అన్నాడు బాపు. కొట్టినవాళ్లు అప్పుడు ఆయన వీపు వెనకే నిలబడి ఉన్నారు. కోర్టు ఆ జవాబు రాసుకుని ఫైలు మూసేసింది. తల ఎత్తి ఆ వెనుకకు ఒక్కసారి చూస్తే ఏం పోయేది?

"ఫికర్ చెయ్యకు బాపూ, గిది హైకోర్టు" అన్నాను. నమ్మి అన్న మాట కాదు.

విచారణ రోజు కరీంనగర్ కోర్టులో జడ్జమ్మ మర్యాదగానే కుర్చీ వేయించి, ఏం జరిగిందో చెప్పమంది. కొడుకుగా తోడొచ్చిన నేను ఆయన వెనుక గోడ దగ్గర నిలబడ్డాను. బాపు కూర్చోలేదు. ఆమెకు వీపు పెట్టి వెనక్కి తిరిగాడు.

"ఇటు చూసి చెప్పాలె పెద్దాయనా" అని గుమస్తా కసిరాడు.

తలుపు దగ్గర బందోబస్తు కానిస్టేబుల్ ఉన్నాడు, నాకంటే చిన్నవాడు. "గాయిన్ని బయటికి పొమ్మనుండ్రి అమ్మా. అప్పుడు చెప్త" అన్నాడు బాపు.

జడ్జమ్మ అతణ్ని పంపించింది. తలుపు మూశారు. అయినా బాపు జడ్జమ్మ వైపు తిరగకుండా నన్నే చూస్తూ నిలబడ్డాడు.

వెనుక ఇక మిగిలింది నేనొక్కడినే.