మైదానం అంచున నిలబెట్టిన మనిషి

కంపెనీ పేరున్న బనియను తొడుక్కుని, కంపెనీ బస్సెక్కి, కంపెనీ పిలిచిన ఆట ఆడేవాడు డ్యూటీలో ఉన్నట్టా, సెలవులో ఉన్నట్టా? నిన్న మనామాలోని జుఫైర్ పేటలో ఒక ఫుట్‌బాల్ పోటీ ప్రకటన చూసినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

పదేళ్ళ కిందట, ఈ గల్ఫ్ నగరంలో నా ఉద్యోగం ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, ప్రతి శుక్రవారం తన కంపెనీ జట్టుకు మా చిన్నాన్న ఆడే ఆట చూడటానికి వెళ్ళేవాణ్ణి. జగిత్యాల వైపు నుంచి కట్టడం పనికి వచ్చిన ఆయన, వారమంతా పరంజాలు ఎక్కి దిగి అలసినా, ఇసుక మైదానంలో కాలికి బంతి తగిలితే మరో మనిషి అయిపోయేవాడు. ఆ ఆట కోసమే అవాలి అనే చమురు ఊరి నుంచి ఒక వృద్ధ అమెరికన్ మడత కుర్చీతో వచ్చేవాడు. ఆయనా యౌవనంలో తన దేశంలో ఒక బట్టల మిల్లు జట్టుకు ఆడినవాడే. వారమంతా మగ్గాల ముందు, ఆదివారం మైదానంలో. అక్కడ ఆ ఆటను పట్టించుకునేవారే లేని కాలమది. దేశం తరఫున ఆడి వచ్చినా మిల్లు గేటు దగ్గర ఎలా ఆడావని అడిగినవారు లేరట. ఒక పోటీలో ఆయన మోకాలు మెలిపడింది. అప్పట్లో ఒకరి బదులు మరొకరిని దించే నియమం లేదు గనుక, దెబ్బతిన్నవాణ్ణి మైదానం అంచుకు పంపి, కుంటుతూనే ఆట ముగిసేదాకా అక్కడ ఉంచేవారు. ఆయన అలాగే నిలబడ్డాడు. ఆడటం పని కాదని మిల్లు చేతులు దులుపుకుంది. ఆ తర్వాతే చమురు పని వెతుక్కుంటూ ఈ ఎడారికి చేరాడు.

ఒక శుక్రవారం చిన్నాన్న మోకాలూ అలాగే మెలిపడింది. బదులు దిగవలసినవాళ్ళు గీత బయట సిద్ధంగానే ఉన్నారు. అయినా జట్టును కూడా నడిపే చిన్నాన్న సైటు సూపర్‌వైజర్, "యల్లా భాయ్, ఇంకాసేపే, అంచున నిలబడు" అని అరిచాడు. ఆయన నిలబడ్డాడు. జట్టు గెలిచింది.

"మా కాలంలో మార్చే రూలు లేదు. నీకుంది కదా, ఎందుకు బయటికి రాలేదు?" అని అమెరికన్ అడిగిన మాటను నేనే తెలుగులో చెప్పాను. చిన్నాన్న అంత నొప్పిలోనూ నవ్వాడు. "రూలు ఆటకున్నది తాతా, నాకెక్కడిది? బయటికొస్తే రేపు ఆ సూపర్‌వైజర్ మొఖం సూడాల్సింది నేనే గదా!"

ఆ జవాబును ఇంగ్లీషులో విన్న వృద్ధుడు లేచి తన కుర్చీని చిన్నాన్న వైపు జరిపాడు.

శుక్రవారం సెలవు కనుక అది పనిలో తగిలిన దెబ్బ కాదని కంపెనీ తేల్చింది. పరంజా ఎక్కలేని మనిషికి ఖలాస్ అని చెప్పి ఇంటికి పంపింది. కాలేజీ చర్చావేదికల మీద ప్రతి అంశానికీ రెండో పక్షం వెతకడం నేర్చుకున్నాను. దీనికి మాత్రం నాకు ఈనాటికీ దొరకలేదు. ఇప్పుడు మైదానాలకు పచ్చిక వచ్చింది, దీపాలు వచ్చాయి, బనియన్ల మీద అక్షరాలు పెద్దవయ్యాయి. పడ్డవాడి కాలు మాత్రం ఇంకా వాడి ఒక్కడిదే.

మీ కార్మికుల క్యాంపు జట్టు ఈ శుక్రవారం ఆడబోతుంటే, ఆట మొదలవకముందే, మైదానంలో తగిలిన దెబ్బను పనిలో తగిలిన దెబ్బగా ఒప్పుకుంటూ రాసివ్వమని కంపెనీని అడగండి. ఒక్కడు అడిగితే వాణ్ణి విమానం ఎక్కిస్తారు. అందుకే అందరూ కలిసి అడగండి. రాసిచ్చేదాకా ఎవరూ గీత దాటి లోపలికి అడుగు పెట్టకండి.