తుమ్ము ఆపిన మాత్ర

దుస్తుల కార్ఖానాలో ఇరవై ఏళ్లుగా గుడ్డ కోసిన మనిషి ఆమె. అందరికీ కత్తెరక్కయ్య. చేతిలో ఉండేది మాత్రం కరెంటు కత్తి. నలభై పొరల మీద గీసిన సుద్దగీత వెంట వెంట్రుకవాసి తేడా రాకుండా కోసేది. ఎదురుగా నిలబడి పొరలు అదిమిపట్టేది ఆమె ఆడపడుచు. ఆ వేళ్లకీ కత్తికీ బెత్తెడు దూరం.

అక్కడొక కట్టుబాటు ఉండేది. తుమ్మినవాళ్లు ఆ పూట కత్తి ముట్టుకోకూడదు. చెయ్యి అదురుతుంది మరి. కొత్త గుడ్డల దుమ్ము పడక అక్కయ్యకు తుమ్ములు పట్టుకున్నాయి. మేస్త్రీ మూడుసార్లు కత్తి మాన్పించి, బట్టలు మడిచే బల్లకు పంపాడు. నాలుగోసారి పంపితే ఇక అక్కడే ఉండిపోవాలేమోనని బెంగపడి, పొద్దున్నే చవక జలుబుమాత్ర గుట్టుగా మింగి రాసాగింది. తుమ్ములు ఆగాయి. ముక్కుకు తాళం వేశావా వదినా అని ఆడపడుచు నవ్వింది. తుమ్మేవాళ్లను కనిపెట్టేవారే గాని, కునికేవాళ్లను ఎవరు చూస్తారు?

ఒకనాడు రెండు మింగింది. మధ్యాహ్నం రెప్పలు బరువెక్కాయి. కత్తి గీత దాటింది. ఆడపడుచు చూపుడువేలి కొస తెగిపోయింది.

వేలికి కట్టుకట్టిన డాక్టరమ్మకు అక్కయ్య మాత్ర సంగతి దాచలేదు.

"దుమ్మును శత్రువనుకుని ఒళ్లు హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతుందమ్మా. అది ముక్కులో, కళ్లలో తన పీటల మీద కూర్చుంటే తుమ్ములు, దురద. మాత్ర దాన్ని చంపదు, ఆ పీటలు తను ఆక్రమించుకుంటుంది."

"మరి నిద్రెందుకొచ్చింది?"

"మెదడులో మనల్ని మెలకువగా ఉంచేదాంట్లో ఆ హిస్టమిన్‌కీ చెయ్యుంది. ఈ పాతరకం మాత్ర అక్కడికీ దూరి ఆ పీటలూ లాక్కుంటుంది. కొత్తరకాలు అంతగా దూరవు. ముందే అడగాల్సింది."

బయటికొచ్చాక ఆడపడుచు మెల్లగా అంది. "నేనే చెయ్యి ముందుకు పెట్టానని మేస్త్రీతో చెప్పేశాను. నువ్వు నోరు మెదపకు వదినా. కత్తి పోతే నువ్వు బతకలేవు."

అక్కయ్య ఆ రాత్రంతా పక్క మీద దొర్లింది. తప్పు ఆడపడుచుదని మేస్త్రీ రాసుకుంటే, వేలు పోయింది చాలక ఆ పిల్ల పనీ పోతుంది. తెల్లవారగానే మాత్రల అట్ట తీసుకెళ్లి మేస్త్రీ ముందు పెట్టింది. ఆయన కత్తి ఇంకొకరికి అప్పజెప్పాడు. ఆడపడుచు పని నిలిచింది.

తనకోసం ఆడిన అబద్ధాన్ని బయటపెట్టిందని ఆ పిల్లకు కోపం. వారం తర్వాత కట్టు మార్చడానికి వదిన ముందు చెయ్యయితే చాపింది గాని, మాట కలపలేదు. అక్కయ్య నొప్పి కలగకుండా కట్టు విప్పసాగింది.