నీడన ఆరబెట్టిన తులసి

నా పెళ్ళిని ఒక తులసి కట్ట దాదాపు చెడగొట్టిందంటే మీరు నమ్మరు. పాపం, తులసి తప్పేమీ లేదు, తెలివంతా నాది. చదివి హాయిగా నవ్వుకోండి. కాకపోతే ముందు మీ వెనకున్న తలుపు ఒకసారి వేసి రండి.

అప్పట్లో నార్సింగిలో ఒక ఇంటి పై అంతస్తులో ఒంటరిగా అద్దెకుండేవాణ్ణి. ఆఫీసు ఏసీ పుణ్యమా అని పట్టుకున్న దగ్గు వదలడం లేదు. "తులసి కషాయం తాగరా" అని అమ్మ కడప నుంచి ఫోన్లో చెప్పింది. ఎవరికైనా ఒక మొక్క చాలు. నాకు చాలదుగా! బాల్కనీ నిండా ఖాళీ పెయింట్ డబ్బాల్లో తులసివనమే పెంచాను. వెన్నులు వేసి ఏపుగా పెరిగాక కొమ్మలు కోశాను. ఎండలో పెడితే వాసన, గుణం పోతాయని విన్నాను కాబట్టి పెద్ద కట్ట కట్టి, గదిలోనే కర్టెన్ రాడ్డుకు తలకిందులుగా వేలాడదీశాను. రాలే ఆకులు నేలపాలు కాకుండా దాని కింద మా చెల్లెలి పాత తెల్ల చున్నీని జోలెలా కట్టాను. ఎండాక పొడి కొట్టి, మిరియాలు, శొంఠి కలిపి సీసాకెత్తాలని నా ఆలోచన.

ఆ ఆదివారం సాయంత్రం వీడియోలో పెళ్ళిచూపులు. అమ్మాయి పేరు స్రవంతి. కాకినాడ వాళ్ళు, ఉండేది తెల్లాపూర్‌లో. ఆ ఇంట్లో వాళ్ళ అమ్మమ్మ గారు సరేనంటేనే సరే. ఫోటో చూసినప్పటి నుంచి నాకు ఆ పిల్ల తప్ప ఇంకెవరూ వద్దనిపించింది. అందుకే విడిచిన బట్టల కుప్ప వాళ్ళ కంట పడకుండా వీడియో కాల్ యాప్‌లో నా వెనకంతా మసకగా పెట్టాను. ఆ యాప్ మనుషుల్ని మాత్రమే స్పష్టంగా చూపిస్తుంది.

బయట ముసురు. గదిలో లవంగం లాంటి ఘాటు. ఎక్కడో గరగరమని చిన్న చప్పుడు.

"ఆ వెనకాల నించున్నావిడ ఎవరు బాబూ?" అన్నారు అమ్మమ్మ గారు.

"వెనకాలా? ఎవరూ లేరండి."

"తెల్లబట్టలు కట్టుకుంది. జుట్టు విరబోసుకుంది. ఊగుతోంది కూడానూ."

తిరిగి చూశాను. బీరువా, ఖాళీ కుర్చీ, నా తులసి. మళ్ళీ ఫోన్ వైపు చూశాను. గదంతా మసక. నా భుజం వెనక మాత్రం ఒక ఆకారం, స్పష్టంగా. జుట్టుంది, ముఖం లేదు. తిరిగి చూస్తే లేదు, ఫోన్లో చూస్తే ఉంది!

స్రవంతి మొహం మాడిపోయింది. "ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పేయండి. మేమేం అనుకోం."

గదిలో ఆడమనిషి ఉందంటే సంబంధం పోతుంది. కాబట్టి పెళ్ళి కోసం నేను దెయ్యం పక్షాన చేరాను.

"ఒట్టండి, అది అమ్మాయి కాదు. దెయ్యమండి!"

ఫోన్ కట్టయింది.

ఒక్క పరుగున కిందికి పోయి ఇంటి ఓనరు యాదమ్మ ఆంటీని అడిగాను. "ఆంటీ, నా గదిలో ఇంతకుముందు ఎవరైనా ఆడమనిషి... అంటే... పోయిందా?"

"ఏంది బిడ్డా, గిట్ల మాట్లాడుతున్నవ్? కొత్త ఇల్లది! దయ్యముందని నువ్వు చెప్తే ఇగ కిరాయికి ఎవరొస్తరు?"

ఆ రాత్రి వాళ్ళ హాల్లో సోఫా మీదే పడుకున్నాను.

మర్నాడు సాయంత్రం అమ్మమ్మ గారు స్రవంతిని వెంటబెట్టుకుని స్వయంగా వచ్చేశారు. నిజం తేల్చుకోకుండా వదిలే మనిషి కాదావిడ. చీపురుతో ఆంటీ ముందు, అందరి వెనక నేను. తలుపు తెరవగానే ఘాటు గుప్పున కొట్టింది. ఎదురుగా అది మెల్లగా ఊగింది. ఆంటీ "అమ్మో!" అని వెనక్కి జరిగి నా కాలు తొక్కింది. అమ్మమ్మ గారు మాత్రం తిన్నగా వెళ్ళి, దాని జుట్టులోంచి ఒక పోగు తుంచి వాసన చూశారు.

"తులసి! ఇదా నీ దెయ్యం? తులసమ్మని ఇలా తలకిందులుగా వేలాడదీస్తారటయ్యా?"

"చున్నీ, ఈ గుబురూ చూసి యాప్ మనిషనుకుంది, అమ్మమ్మా" అంటూ స్రవంతి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నా ప్రాణం లేచొచ్చింది.

అమ్మమ్మ గారు కూడా నవ్వబోయి, ఖాళీ కుర్చీ వైపు చూసి ఆగిపోయారు.

"ఆవిడ సంగతి తేలింది. మరి నిన్న ఈ కుర్చీలో కూర్చున్న ముసలాయన ఎవరు బాబూ?"

ఆ తర్వాత నాకు గుర్తున్నవి మెట్లే. ఆంటీ నాకంటే ముందు దిగింది. పైనుంచి స్రవంతి కేక వినిపించింది.

"ఏవండీ, చెప్పులు మర్చిపోయారు!"

అయినా పెళ్ళయింది. నిన్ను వదిలేసి పారిపోయినవాణ్ణి ఎలా ఒప్పుకున్నావని తర్వాత అడిగాను. "మీకు అబద్ధమాడటం రాదని తేలిపోయింది. ధైర్యమంటారా, నాకుందిగా" అంది. ఆ ముసలాయన సంగతి అమ్మమ్మ గారిని ఎన్నిసార్లు అడిగినా ఏమీ చెప్పరు. నా వెనక్కి ఒకసారి చూసి, కొంగు నిండుగా కప్పుకుంటారు.

అందుచేత మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. గుణం పోతే పోనీ, ఇకపై తులసిని మిట్టమధ్యాహ్నం ఎండలోనే ఆరబెడతాను. గదిలో ఖాళీ కుర్చీ అన్నది ఉంచను. విడిచిన బట్టల కుప్ప ఎప్పుడూ దాని మీదే ఉంటుంది.