ఎండ మప్పిన ఎలుకలు

వేడి తగిలితే ప్రాణి ఒంట్లో మేల్కొనే జన్యువుల్ని ఆదోనిలో కనిపెట్టింది నేనే. నలభై తెల్లెలుకల మీద రెండేండ్లు పరిశోధన చేసినాను.

సరే, ఎలుకలు పన్నెండే. రెండేండ్లు కాదు, పదైదు దినాలు. పరిశోధన కూడా నాది కాదు.

ఎనభైల్లో కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. ప్రాక్టికల్ పరీక్షలకని తెప్పించిన ఎలుకలు రేకుల షెడ్డులో, రెండు గూళ్లలో ఉండేవి. వాటిని చూసుకునే అటెండరు ఆస్పరిలో గొర్రెలకాపరుల ఇంటివాడు. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. "ఎలుకలు చస్తే నువ్వు ఇంటికే" అని ప్రిన్సిపాలు ముందే చెప్పినాడు.

ఒకనాడు పొద్దున చూస్తే ఒక గూడు వరండా ఎండలో ఉంది.

"ఏమప్పా, అప్పడాలనుకుంటివా?"

"ఎండ మప్పుతాండా సార్. మా గొర్రెపిల్లలకు ఇట్లే దినామూ కొంచెం కొంచెం అలవాటు సేస్తాం. ఒక్కతూరే ఇడిస్తే తట్టుకోవు."

కసిరినాను. రెండో గూడు ముట్టొద్దన్నాను. బతిమాలితే, మొదటిది నీ కర్మ అని వదిలేసినాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి షెడ్డులో ఫ్యాను ఆగింది. సాయంత్రానికి నేను ముట్టొద్దన్న గూట్లో నాలుగు చచ్చినాయి. ఎండ మప్పినవి ఆరూ రొప్పుతూ బతికే ఉన్నాయి. ఆ నాలుగింటి పాపం నాదే.

సోమవారం ప్రిన్సిపాలు గదిలో అటెండరు తల వంచుకొని నిలబడినాడు. నా నోరు ఊరుకుంటుందా? "ఇది నా ప్రయోగం సార్. ఒక గూటికి ఎండ మప్పితిమి, ఇంకోదానికి మప్పలేదు. పోల్చి చూసేదానికే" అన్నాను. ప్రిన్సిపాలుది చరిత్ర సబ్జెక్టు, తల ఊపినాడు. ఉద్యోగం నిలిచింది.

అబద్ధమాడినాను కదా, ఆధారం వెతుక్కోవాల్సి వచ్చింది. నెలల తర్వాత ఒక జర్నల్లో దొరికింది. కణానికి వేడి తగిలితే లోపలి ప్రోటీన్లు మడతలు విడిపోయి, మా ఎమ్మిగనూరు మగ్గం మీద పోగుల్లాగా చిక్కుపడతాయంట. అప్పుడు కొన్ని జన్యువులు మేల్కొని, ఆ చిక్కు పడనీకుండా పట్టుకునే సాయం ప్రోటీన్లను చేయిస్తాయి. ముందే కొంచెం వేడి చూసిన కణంలో అవి సిద్ధంగా ఉంటాయి, ఎలుకలోనైనా, గొర్రెలోనైనా, మనిషిలోనైనా. పన్నెండు ఎలుకలతో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు. అయినా ఆ పేజీ పట్టుకొని షెడ్డుకు పరిగెత్తినాను. కాదులెండి, నడిచే పోయినాను.

అటెండరు అంతా విని, "మా నాయనకు తెలుసు సార్ ఇది. పేరే తెల్దు" అన్నాడు.

అతనికి పర్మినెంటు ఆర్డరు వచ్చిన తర్వాతి ఎండాకాలం, రెండు గూళ్లూ నేనే మోసి వరండాలో పెట్టినాను. వెనకనుంచి గొంతు వినపడింది.

"అప్పడాలు తిరగెయ్యాల్నా సార్?"