కూర్చుని పాడిన పాటలు

చెక్కభజన గురువు కొత్త పాటల పెన్‌డ్రైవ్ తెచ్చిన రోజున నేను విత్తనానికి శనక్కాయలు వలుస్తున్నాను. మద్దెల వాయించే ఆయన మోటారు సైకిలు తోలాడు, గురువు వెనక కూర్చుని వచ్చాడు. దిగేటప్పుడు ఒక చేత్తో సీటు, ఇంకో చేత్తో మా గోడ పట్టుకున్నాడు. నేను చూశాను, ఏమీ అడగలేదు.

ఆయనది లింగాల దగ్గర ఒక పల్లె. మాకు చుట్టం కాడు, మా ఊరివాడు కాడు. నేను పెళ్లై జమ్మలమడుగుకు వచ్చిన రెండో ఏడు ఇక్కడి తిరునాళ్లలో మొదటిసారి వాళ్ల భజన విన్నాను. చుట్టూ పద్నాలుగు మంది, చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, నడుమ పాడుతూ వాళ్ల నాయన, పక్కన తాళాలు పట్టుకుని ఈయన. అప్పుడు ఆయనకు మీసం కూడా సరిగ్గా రాలేదు. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల వాళ్లు ఆడిన చోటల్లా నేను ఉన్నాను. కాన్పై పది రోజులు కాకముందే పోయి మా అత్త చేత తిట్లు తిన్నాను.

వాళ్లు క్యాసెట్ వేశారని తెలిసి పొద్దుటూరుకు బస్సెక్కి పోయి కొనుక్కున్నాను. ఆ ఏడు పండక్కి చీర వద్దన్నాను. క్యాసెట్ మిషన్లో చుట్టుకుని తెగితే పక్కింటి పిల్ల గోళ్ల రంగు అడిగి తెచ్చి అతికించాను. అతికిన చోట రెండు మాటలు పోయాయి. ఇప్పటికీ ఆ పాట నా నోట్లో ఆ రెండు మాటలు లేకుండానే వస్తుంది.

తర్వాత ఇంకో రెండు క్యాసెట్లు వచ్చాయి, ఒక సీడీ వచ్చింది. ప్రతిదాని మీదా నాకు ఫిర్యాదులే. ఒకదాంట్లో పాటలు పొడుగు, ఒకదాంట్లో గొంతుకు జలుబు. సీడీలో ఊరి పెద్దల పేర్లు చదవడానికే సగం పొద్దు పోయింది. ఆయనకు మొహం మీదే చెప్పాను. మెచ్చుకునేవాళ్లు ఊరంతా ఉన్నారు, వాళ్లకు ఆయన టీ తాగించి పంపుతాడు. పాట కట్టినప్పుడు మాత్రం నా దగ్గరికి వస్తాడు.

"అక్కా, ఆ పని పక్కనబెట్టి రోంత ఇనుక్కా" అన్నాడు.

"చేతులు వలుస్తాంటే చెవులు మూసుకుపోతాయా? పెట్టు."

"కాదక్కా, ఈసారి సంగతి వేరే." అరుగు మీద మెల్లగా కూలబడ్డాడు. "మా ఊరి తిరునాళ్లకు వేరే మేళాన్ని పిలుస్తామంటాండారు పెద్దమనుషులు. మీకు వయసైపాయ అంటాండారు. పాటలు పంపియ్యి, ఇని చెప్తామన్నారు. రేపు పులివెందులకు పోయి ఇయ్యల్ల. వాళ్లకు నచ్చకపోతే మేం ఇంక చెక్కలు అటక మీద పెట్టుకునేదే."

ఆ తిరునాళ్లలో మొదటి పాట ఎప్పుడూ వీళ్లదే. వీళ్ల నాయనల కాలం నుంచీ అంతే. నేను ఒళ్లో కాయలు చేటలో పోసి లేచాను.

మా కోడలు పెన్‌డ్రైవ్ తీసుకుని టీవీకి తగిలించింది. మొదటి పాట మొదలైంది. మొదలైంది అంటే పాట కాదు, హోరు. అలలు వచ్చి ఒడ్డుకు కొట్టుకుంటున్నట్టు.

"ఇదేంది?" అన్నాను.

"సముద్రమక్కా. రికార్డింగాయన ఏసినాడు. భక్తిగా ఉంటాదంట."

"పులివెందులకు సముద్రం యాడిదప్పా? పెన్నలోనే నీళ్లు చూసి ఎన్నాళ్లాయనో మనకు!"

మద్దెలాయన మొహం తిప్పుకుని నవ్వాడు. ఆయన పొద్దుటూరులో టైలరు, సాయిబుల పిల్లోడు. పిల్లోడంటే యాభై దాటినవాడే. వాళ్ల నాయన ఈ మేళానికే మద్దెల కొట్టేవాడు. ఈ పాటల్లో ఈయన మద్దెల వినబడదు. దాని బదులు ఏదో తపతపమని మిషను చప్పుడు. తోడుగా పిల్లనగ్రోవి, ఎవరో ఆడపిల్లల రాగాలు. టీవీ సీరియల్లో కోడలు ఇల్లు విడిచి పోయేటప్పుడు వచ్చేలాంటివి. ఇన్నిటి వెనక మా గురువు గొంతు, జల్లెడ పట్టినట్టు నున్నగా. పై స్థాయికి పోయినప్పుడు ఆ గొంతు కొంచెం చీలుతుంది. ఆ చీలిక కోసమే మేము ముందు వరసలో కూర్చునేది. దాన్ని ఎవరో శుభ్రంగా తుడిచేశారు.

ఇవన్నీ కోపం తెప్పించాయి గానీ నన్ను ఇబ్బంది పెట్టింది ఇవి కావు. ఇంకేదో తక్కువైంది. అది ఏమిటో రెండు పాటలు అయిపోయినా నాకు పట్టుబడలేదు. మూడో పాటలో వేగం పెంచే చోటు వచ్చింది. మామూలుగా అక్కడ ఆయన మాట ఆపుతాడు. పద్నాలుగు మంది కుడికాలు మూడుసార్లు నేలకు కొడతారు. ఆ మూడు దెబ్బల్లో ఆయన ఊపిరి తీసుకుని తర్వాతి మాట అందుకుంటాడు. వినేవాళ్లం కూడా అక్కడే ఊపిరి తీసుకుంటాం. ఈ పాటలో ఆ ఖాళీ లేదు. మిషను దాన్ని పూడ్చుకుంటూ పోయింది.

"మీరు కూర్చోని పాడినారు" అన్నాను.

మద్దెలాయన అందుకున్నాడు. "నేను చెప్తి గదా మామా, అక్క పట్టుకుంటాదని!"

అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చింది. పొద్దుటూరులో ఆ రికార్డింగు గది బీరువా అంత ఉందట. గోడలకు పరుపు దూది అంటించారట. గజ్జెలు చప్పుడు చేస్తున్నాయని విప్పించారు. అడుగు వేస్తే మైకు అదురుతుందని కుర్చీలు వేశారు. నాలుగు కుర్చీలే పట్టాయి.

"నలుగురు పాడితే మిషన్లో పద్నాలుగు మందిని చేసినాడక్కా ఆయప్ప" అన్నాడు గురువు, అదొక వింతలాగా.

"మరి తక్కినోళ్లు?"

"మెట్ల మీద కూచోని బోండాలు తిన్యారు" అన్నాడు మద్దెలాయన. "నేనూ ఆడనే. మద్దెల కూడా మిషన్లోనే ఉండాదంట."

నాకు ఒళ్లు మండింది. "పద్నాలుగు గొంతులు చేసినోడు ఒక్క జత కాళ్లు చేయలేకపాయనా? చెక్కభజన అంటే ఏంది? కాళ్లు లేకుండా ఎట్ల పాడితివప్పా? నోరెట్లొచ్చె నీకు?"

"నాకు బాగానే ఉండాది అత్తా" అంది మా కోడలు. "వంట చేసుకుంటా ఇనేదానికి బాగుంటాది."

"నువ్వు ఇంటావు, కూర మాడ్తాది. అంతే దీంట్లో బాగుండేది."

గురువుకు కోపం వచ్చింది. నలభై ఏళ్లలో నా మీద ఆయనకు కోపం రావడం అదే మొదలు. "ఏం చేయమంటావక్కా? మోకాళ్లు రెండూ పాయ. డాక్టరు మెట్లెక్కొద్దంటాండాడు. నిలబడి పాడితే రెండో పాటకే కాళ్లు వణుకుతాండాయి. ఆ పెద్దమనుషుల ముందర పోయి వణకమంటావా? కుర్చీ ఏస్తే కూచున్యా. బాగుండాదని అందరూ అన్యారు. నీకొక్కదానికే బాగలేదు."

"అందరూ అన్యారు గదా. మరి ఈడికేంటికి వస్తివి?"

ఆయన టీవీకి ఉన్న పెన్‌డ్రైవ్ పెరుక్కుని జేబులో వేసుకున్నాడు. "ఇంకోటి చేసేదానికి టైము లేదు. రేపు ఇదే ఇస్తా." మోటారు సైకిలు పోయింది. ఆయనకని కలిపిన మజ్జిగ అట్లాగే ఉంది. పారబోయలేక నేనే తాగాను. కోపం మీద తాగితే మజ్జిగ కూడా పుల్లగానే ఉంటుంది.

ఆ మోకాళ్ల మాట ముందే చెప్పి ఉంటే నేను ఇంకో రకంగా చెప్పేదాన్నేమో అని సాయంత్రం అనిపించింది. రకం మారేది గానీ మాట మారేది కాదు. పాట బాగాలేదు.

మర్నాడు పన్నెండు గంటలకు ఫోను వచ్చింది.

"అక్కా, పులివెందుల్లో ఉండా. బాగుండాయన్నారక్కా పాటలు."

"మంచిదే గదా. మరి పీనుగ లేచిన ఇంట్లో నుంచి మాట్లాడినట్ల మాట్లాడ్తాండావేంది?"

గొంతు తగ్గించి అన్నాడు. "శానా బాగుండాయి, ఇవే మైకులో ఏస్తామంటాండారు. వేరే మేళం అడుగు ఏస్తాదంట, మన పాట మైకులో వస్తాదంట. మీరు రానక్కర్లేదు, నొప్పులతో ఏం అగసాట్లు పడ్తారు, ఇంట్లో ఉండి రెస్ట్ తీసుకోండి అన్యారు. నేను పెన్‌డ్రైవ్ తిరిగి ఇయ్యమంటి. అప్పుడే ఫోన్లోకి ఎక్కిచ్చుకున్యారంట."

నా మాటే నిజమైందని సంతోషపడాల్సిన చోటు అది. నాకు సంతోషం కాలేదు, ఇంకా మండింది. ఇన్నేళ్లూ నేను ఆయన్ను తిట్టింది ఇంకా బాగా పాడాలని. డబ్బాలో పెట్టి మూత వేయడానికి కాదు.

"ఆ పెద్దమనిషి పక్కనే ఉండాడా?"

"ఉండాడు. ఆయన ఎరువుల అంగట్లోనే ఉండా."

"ఇయ్యి ఫోను ఆయనకు."

"వద్దులే అక్కా, పెద్దోళ్లు…"

"నేనేమన్నా చిన్నదాన్నా? ఇయ్యి."

గొంతు మారింది. "ఎవరమ్మా?"

"జమ్మలమడుగు నాయనా. వాళ్ల పాటలు ఇనేదాన్ని."

"ఓ, బాగుండాయి గదవ్వా పాటలు."

"బాగలేవు."

ఆయన నవ్వాడు. "అదేంది, నీ మనిషే గదా."

"నా మనిషే. అందుకే చెప్తాండా. అవి కూర్చోని పాడిన పాటలు. నీ అంగట్లో ఎరువు సంచి మీద పచ్చటి చేను బొమ్మ ఉంటాది గదా. ఆ బొమ్మ కత్తిరిచ్చి చేన్లో చల్లుతావా?"

"శానా గట్టిదానివే అవ్వా."

"నా సంగతి వద్దులే. మూడో పాట పెట్టు. వేగం పెంచేకాడ నీ కాలు లేస్తాదేమో చూడు. చిన్నప్పటి నుంచి చూసినోడివి, నీ కాలికి తెలుస్తాది."

ఫోను పక్కన పెట్టిన చప్పుడు. సముద్రం హోరు కూడా వినబడింది, నాకు మళ్లీ చిరాకు. తర్వాత పాట. వేగం పెరిగే చోటు వచ్చింది, పోయింది. ఆయన ఇంకోసారి వెనక్కి తిప్పి పెట్టాడు.

"లేచింది గానీ దిగే చోటు దొరకలేదవ్వా" అన్నాడు చివరికి. ఆ మనిషి మీద నాకు కొంచెం గౌరవం కలిగింది. "అయితే ఏం చేయమంటావు? నీ గురువు మా అంగడి మెట్టెక్కేదానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చె. ఆయన అడుగేస్తాడా?"

"ఆయన ఏయడు. తక్కిన పద్నాలుగు మందికి కాళ్లుండాయి గదా. గొంతు మోకాళ్లలో లేదు."

ఆయన ఆలోచించుకున్నాడు. పగలంతా మైకులో పాటలే వేస్తామన్నాడు. సాయంత్రం వీళ్లు వచ్చి ఒక్క పాట ఆడొచ్చు. బాగుంటే ఆడినంతసేపు, లేకుంటే ఆ ఒక్కటే. వేరే మేళం పక్కనే సిద్ధంగా ఉంటుంది. ఇంతకన్నా నేను అడగలేదు. బాగాలేకపోతే ఆపమని నేనైనా చెప్తాను.

తిరునాళ్ల రోజున నేను బస్సులో పులివెందులకు పోయి, అక్కడి నుంచి ఆటోలో గురువు ఊరికి చేరాను. ఊరి బయటికే సముద్రం వినబడింది. అన్నం వరసలో నిలబడితే సముద్రం, దేవుడి దగ్గర నిలబడితే సముద్రం. ఎవరూ దాన్ని వినడం లేదు, వంకాయ కూర గురించి మాట్లాడుకుంటున్నారు.

ఎండ తగ్గాక మైకు ఆపారు. నడుమ ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. గురువు వచ్చి కూర్చున్నాడు. చుట్టూ పద్నాలుగు మంది గజ్జెలు కట్టుకుని నిలబడ్డారు. అడుగు నడిపించడానికి ఒకాయన్ను ముందు పెట్టారు, ట్రాక్టరు తోలే మనిషి. అంతవరకూ ఆ పని గురువే చేసేవాడు. అవతల వేరే మేళం పిల్లలు పసుపు చొక్కాలు వేసుకుని వరసగా కూర్చున్నారు. ఎరువుల అంగడాయన వాళ్ల పక్కన నిలబడి చేతులు కట్టుకున్నాడు.

గురువు ఎత్తుకున్నాడు. గొంతు చీలింది. మద్దెలాయన అందుకున్నాడు. మొదటిసారి ఖాళీ వచ్చినప్పుడు మూడు దెబ్బలూ ఒక్కటిగా పడ్డాయి. మట్టి లేచింది. నా పక్కనున్న ఆడమనిషి ఒళ్లో బిడ్డను సర్దుకుని ముందుకు జరిగింది. రెండోసారి వచ్చేసరికి ట్రాక్టరాయన తొందరపడ్డాడు. ఆయన కాలు ముందు, అందరి కాళ్లు వెనక.

గురువు తాళాలు ఆపాడు. మైకు నోటి దగ్గరే ఉందని మరిచిపోయాడు. "రేయ్! యాడికిరా పోతాండావు? నీ ముందర రోడ్డేమన్నా ఉండాదా? కాలు కిందబెట్టు! నేను ఊపిరి తీసుకోవద్దా?"

తిరునాళ్లంతా విన్నది. జనం ఒక్కసారిగా నవ్వారు, ఈలలు వేశారు. ట్రాక్టరాయన కూడా నవ్వుతూ చెంపలు వేసుకున్నాడు. ఒక్క పాట అన్నారు, ఆ ఒక్కటీ ఆగిపోయింది. ఎరువుల అంగడాయన వైపు చూశాను. ఆయన కట్టుకున్న చేతులు విప్పి గురువు వైపు ఊపాడు, మళ్లీ మొదలుపెట్టమని.

మళ్లీ మొదటి నుంచి పాడారు. అది అయ్యాక ఇంకోటి ఎత్తుకున్నారు, ఎవరూ ఆపలేదు. మూడోది జరుగుతుండగా పసుపు చొక్కాల పిల్లలను ముందు అన్నం తిని రమ్మని పంపారు.

నాలుగు పాటలయ్యాక గురువును ఇద్దరు పట్టుకుని నేను కూర్చున్న చోటికి తీసుకొచ్చారు. చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"అక్కా, ఎట్లుండె?"

"మొదటిది సగంలో చెడగొట్టినారు. రెండోది పర్వాలేదు. నాలుగోది మరీ లాగినావు, ముసలోళ్లకు నిద్రొస్తాది."

"నాలుగోదా? నాలుగోది బాగలేదా?" గట్టిగానే అడిగాడు. "అందరూ అదే బాగుండాదంటాండారు!"

"బాగలేదని ఎవరన్నారప్పా? లాగినావంటి."

"యాడ లాగినానో చెప్పు మరి."

"రెండో చరణం కాడ."

"ఆడ లాగాల్సిందే అక్కా! మా నాయన అట్లనే పాడేవాడు."

"మీ నాయన పాడేటప్పుడూ నేను ఉంటి. ఆయన ఆడ లాగేవాడు కాదు."

ఆయన మద్దెలాయన్ను సాక్ష్యానికి పిలిచాడు. మద్దెలాయన ఇద్దరి మొహాలూ చూసి, టీ తాగొస్తానని జారుకున్నాడు.